బుడమేరు పాత దారి

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తి ఉన్నాయి. వాటి కింద నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు సముద్రం వైపు పోయింది. 1957లో బ్యారేజీ కట్టాక కృష్ణకు అంత వరద రాలేదు. 2009 అక్టోబరు నాటి రికార్డు కూడా దాని ముందు చిన్నబోయింది. అయినా నదిని ఆనుకుని ఉన్న కృష్ణలంక, ఒకప్పుడు వరద కబురు వింటే మూటాముల్లె సర్దుకోవలసి వచ్చిన కృష్ణలంక, రిటైనింగ్ వాల్ చాటున చాలావరకు పొడిగానే ఉంది. మునిగింది అజిత్‌సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ, పాయకాపురం. ఇవన్నీ నదికి దూరంగా, రైలు పట్టాలకు అవతలి వైపున ఉన్న పేటలు. రెండున్నర లక్షలకు పైగా జనం నీళ్లలో చిక్కుకున్నారు. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ పడవల రేవుగా మారింది. మేడల మీదికి డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపారు.

నది పక్కవాళ్లు బయటపడ్డారు, నది కనపడనంత దూరాన ఉన్నవాళ్లు మునిగారు. ఆ తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే ముందు డెల్టాలో నేల వాలు ఎటు ఉంటుందో చూడాలి.

నది అన్నిటికంటే పల్లంలో ఉంటుందని, చుట్టూ నేల దాని వైపు వాలి ఉంటుందని మనం అనుకుంటాం. కొండల మధ్య పారే నదికి అది నిజమే. డెల్టాలోకి వచ్చేసరికి వ్యవహారం తిరగబడుతుంది. నది పొంగి గట్టు దాటిన ప్రతిసారీ నీటి జోరు ఒక్కసారిగా తగ్గుతుంది. నీరు మోసుకొచ్చిన ఇసుక, ముతక మట్టి గట్టు పక్కనే దిగిపోతాయి. సన్నటి బురద ఇంకా దూరం పోయి దిగుతుంది. వేల ఏళ్లు ఇలా జరిగేసరికి నది ఒడ్డు మెరకగా, ఒడ్డుకు దూరంగా ఉన్న నేల పల్లంగా తయారవుతుంది. డెల్టా రైతుకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. ఆర్థర్ కాటన్ పథకంతో 1855కల్లా విజయవాడ దగ్గర ఆనకట్ట లేచి కాలువలు తవ్వినప్పుడు సాగునీటి కాలువలు మెరక వెంట, మురుగు కాలువలు పల్లం వెంట నడిచింది కూడా ఈ వాలు చూసుకునే. కృష్ణా డెల్టాకూ గోదావరి డెల్టాకూ నడుమ మిగిలిపోయిన పెద్ద పల్లమే కొల్లేరు.

ఇక బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టే వాగు ఇది. ఏడాదిలో ఎక్కువ రోజులు దీన్ని చూసి ఎవరూ భయపడరు. కొండల మీద గట్టి వాన పడితే మాత్రం కొన్ని గంటల్లోనే ఉరుకుతుంది. విజయవాడ దాకా వచ్చి, కూతవేటు దూరంలో కృష్ణ పారుతున్నా అందులో కలవకుండా తూర్పుకు మళ్లి, నగరానికి ఉత్తరపు పల్లం వెంట కొల్లేరుకు పోవడం దాని పాత దారి. కొల్లేరు నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రం. సింగ్‌నగర్, పాయకాపురం ఆ పాత దారికి అటూ ఇటూ ఉన్న పల్లపు నేలలోనే లేచాయి.

వరద నీరు నగరం మీదికి రాకూడదని ఇంజినీర్లు బుడమేరును దాని దారి నుంచి తప్పించారు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కణ్నుంచి ఒక మళ్లింపు కాలువ తవ్వి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపారు. పట్టిసీమ ఎత్తిపోతల పథకం మొదలయ్యాక గోదావరి నీళ్లు కూడా పోలవరం కుడికాలువ మీదుగా వచ్చి ఇదే దారిన కృష్ణలోకి దిగుతున్నాయి. పవిత్ర సంగమం అని మనం హారతులు పట్టేది ఆ చోటే.

ఈ ఏర్పాటులో ఒక మెలిక ఉంది. కాలువలో నీరు కదిలేది కాలువ అడుగు వాలును బట్టి మాత్రమే కాదు, నీటి పైమట్టం వాలును బట్టి. కలిసే చోట కృష్ణ మట్టం కిందికి ఉంటే బుడమేరు నీరు గబగబా దిగిపోతుంది. కృష్ణే పొంగి ఆ మట్టానికి ఎక్కితే కాలువ నీరు ఎటూ పోలేక వెనక్కి ఎగదన్నుతుంది. మామూలు సంవత్సరాల్లో ఈ రెండు వరదలూ ఒకే రోజు రావు. కృష్ణ వరద పైనుంచి, శ్రీశైలం, సాగర్ దాటుకుంటూ కబురు పెట్టి వస్తుంది. బుడమేరుది స్థానికంగా పడిన వాన. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర తీరం దాటిన వాయుగుండం ఈ లెక్కను చెరిపేసింది. దాని వాన ఖమ్మం, మహబూబాబాద్ నుంచి కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాల దాకా ఒక్కసారే కుమ్మరించింది. ఖమ్మంలో మున్నేరు ఊరి మీద పడింది. ఆ మున్నేరూ వచ్చి చేరేది విజయవాడకు ఎగువన కృష్ణలోకే. అదే వేళకు పై ప్రాజెక్టుల నీరూ దిగుతోంది. మళ్లింపు కాలువలోకి దాని తాహతుకు మించి బుడమేరు వచ్చింది, చివరన కృష్ణ తలుపు మూసింది. నగరం వైపు ఉన్న ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి.

గండ్ల నీరూ, వెలగలేరు గేట్ల నుంచి వదిలిన నీరూ కలిసి ఏ దారి పట్టాయి? దశాబ్దాల కిందట తప్పించిన పాత దారే. నీరు పల్లమెరుగు అన్న సామెతకు ఇంతకంటే వివరణ అక్కర్లేదు. సైన్యం వచ్చి ఇనప వల బుట్టల్లో రాళ్లు నింపి పేర్చి, సెప్టెంబరు 7న ఆఖరి గండిని పూడ్చింది. అయినా ఊళ్లో నీరు వెంటనే దిగలేదు. రైలు కట్టలు, ఏలూరు కాలువ గట్లు, జాతీయ రహదారి అన్నీ ఆ పల్లానికి అడ్డంగా వేసినవే. ప్రతి రోడ్డు కట్టా ఒక చిన్న ఆనకట్టే. దాని కింద తూము ఎంత ఉంటే నీరు అంతే పోతుంది. ఎనికేపాడు దగ్గర బుడమేరు ఏలూరు కాలువ కింద నుంచి సొరంగంలా దాటుతుంది. వరదంతా ఆ నోటి గుండానే పోవాలి. అక్కణ్నుంచి కొల్లేరు చేరాక, చేపల చెరువుల గట్లతో నిండిపోయిన కొల్లేరు ఆ నీటిని తీసుకోవాలి. ఒండ్రుతో ఇరుకైన ఉప్పుటేరు దాన్ని సముద్రానికి వదలాలి. ఇందులో ఎక్కడ ఇరుకు పడ్డా ఆ ఇరుకు ప్రభావం సింగ్‌నగర్ వీధుల దాకా వస్తుంది.

ఇదంతా నీటి సంగతి. అసలు కథ మనుషులు అక్కడికి ఎలా వచ్చారన్నది.

అమెరికాలో గిల్బర్ట్ వైట్ అనే భూగోళ శాస్త్రవేత్త 1940లలో ఒక విచిత్రాన్ని పట్టుకున్నాడు. ప్రభుత్వం వరద కట్టల మీద ఎంత ఎక్కువ ఖర్చు పెడుతోందో, వరద నష్టం అంత పెరుగుతోంది. కట్టలు నాసిరకానివి కావు. చిన్న, మధ్యరకం వరదల్ని అవి చక్కగానే ఆపాయి. ఆపాయి కనుకనే కట్ట వెనక నేల భద్రమని జనం నమ్మారు. పొలాలు ఇళ్లయ్యాయి, ఇళ్లు పట్టణాలయ్యాయి. కట్టను మించిన వరద ఎప్పుడో ఒకసారి వస్తే, ఒకప్పుడు గడ్డి మునిగే చోట ఇప్పుడు ఊరు మునిగింది. న్యూ ఓర్లీన్స్‌లో 1965 తుపాను తర్వాత కట్టలు బలపరిచారు. 2005లో కత్రినాకు ఆ కట్టలు తెగి నగరంలో 80 శాతం మునిగింది.

బుడమేరు మళ్లింపు కాలువ కూడా అలాంటి భరోసానే ఇచ్చింది. పాత వాగు చాలా ఏళ్లు మురుగు కాలువలా పడి ఉంది. దాని పక్క నేల చవక. ఊళ్లో గజం కొనలేని ఆటో డ్రైవరు, తాపీ మేస్త్రి, చిన్న ఉద్యోగి అక్కడ రెండు గదులు వేసుకున్నారు. వరద వచ్చిన ప్రతిసారీ 'ఆక్రమణదారులు' అని వేలెత్తి చూపడం మనకు అలవాటు. వాగు గర్భంలో గోడలు కట్టినవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ మునిగినవాళ్లలో ఎక్కువమంది చేతిలో రిజిస్టర్డు దస్తావేజు ఉంది. ఇంటి పన్ను రసీదు ఉంది, కరెంటు మీటరు ఉంది. వాంబే కాలనీ అన్న పేరే ఒక సర్కారీ పథకం పేరు. పేదలకు ఇళ్లు కట్టిస్తామని వచ్చిన వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన అది. అంటే పల్లంలో పేదవాణ్ని కూర్చోబెట్టినవాళ్లలో ప్రభుత్వమూ ఉంది. 2005 సెప్టెంబరులో బుడమేరు ఇదే నేలను ముంచింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు కూడా గడవకముందే అక్కడ ఇళ్లు తగ్గకపోగా ఇంకా పెరిగాయి.

నగరాల వరదల గురించి మాట్లాడేటప్పుడు అందరూ మొదట తిట్టేది కాంక్రీటును. ఆ తిట్టులో న్యాయం ఎంతో కాస్త లెక్క వేసి చూద్దాం. ఒక చదరపు కిలోమీటరు మీద గంటలో 5 సెంటీమీటర్ల వాన పడిందనుకోండి. ఆ నీరు 5 కోట్ల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 10 వేలు. అంతా ఒకేసారి పారితే దాదాపు 490 క్యూసెక్కులు. ఆ నేల పొలమో పచ్చికో అయితే చాలా భాగం ఇంకిపోతుంది, గుంటల్లో ఆగుతుంది. పారేది పావు వంతు అనుకుంటే సుమారు 120 క్యూసెక్కులు. అదే నేల మీద స్లాబులు, సిమెంటు రోడ్లు పరిస్తే పదింట తొమ్మిది వంతులు పారతాయి. అప్పుడు 440. వాన మారలేదు, మురుగు కాలువ మారలేదు, దాని మీద పడిన బరువు మాత్రం మూడున్నర రెట్లయింది. పైగా నున్నటి నేల మీద నీరు త్వరగా పరుగెత్తి, అన్ని వీధులదీ ఒకే సమయానికి కాలువ దగ్గర గుమిగూడుతుంది. మన నగరాల్లో పాత డ్రెయిన్లు కట్టింది చిన్న వానలకు. ముంబయిలో వాటిని గంటకు 25 మిల్లీమీటర్ల వానకు, అదీ సముద్రం పాటు మీద ఉన్నప్పుడు సరిపోయేలా కట్టారు. 2005 జులై 26న అక్కడ శాంతాక్రజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్లు పడింది. సముద్రం పోటు మీద ఉంటే డ్రెయిన్ల నీరు బయటికి పోదు. ఇబ్రహీంపట్నంలో బుడమేరుకు కృష్ణ అడ్డం పడినట్టే.

అయితే కాంక్రీటు వాదాన్ని విజయవాడ మీదికి అలాగే తెచ్చి పెడితే తప్పవుతుంది. రెండు గంటల కుంభవృష్టికి కాంక్రీటుదే పెద్ద నేరం. రెండు రోజులు ఎడతెగకుండా పడే వాయుగుండపు వానకు పొలమైనా తడిసి ముద్దయి, ఇక ఇంకించుకోలేక వదిలేస్తుంది. 2024లో వచ్చిన బుడమేరు నీరు విజయవాడ డాబాల మీద పడింది కాదు. కొండల మీద, పొలాల మీద పడింది. అక్కడ ఎన్ని ఇంకుడు గుంతలు తవ్వినా ఆ రోజు గండి ఆగేది కాదు. ఇల్లు ఎలా కట్టారన్నది ఒక ప్రశ్న, ఎక్కడ కట్టారన్నది మరొకటి. మన చర్చల్లో మొదటి దానికి దక్కినంత చోటు రెండో దానికి దక్కదు. ఎక్కడ కట్టారని అడిగితే భూమి ధర దగ్గరికి, పట్టాల దగ్గరికి, ఓట్ల దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది కాబట్టి కాబోలు. ఆగస్టు 31నే మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడి ప్రాణాలు తీశాయి. పల్లంలో చోటు దొరకనివాళ్లు కొండ ఎక్కుతారు. రెండూ ఒకే ధరల పట్టికలో చివరి వరుసలు.

వైట్ చెప్పిన సంగతికి మన దగ్గర ఇంకా పాత సాక్ష్యం మూసీ. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగి దాదాపు 15 వేల మందిని పొట్టన పెట్టుకుందని అంచనా. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఎగువన ఉన్న చెరువులు లెక్కపెట్టించారు. 788 చెరువుల్లో 221 తెగాయి. గొలుసుకట్టు చెరువుల్లో ఒక గుణం ఉంది, ఒక దోషమూ ఉంది. మామూలు వానకు పై చెరువు నిండి, అలుగు పారి, కింది చెరువుకు నిదానంగా నీరిస్తుంది. వరద ఉధృతిని మెట్టు మెట్టుగా తగ్గిస్తుంది. కానీ పై కట్ట ఒకటి తెగితే, కింది చెరువు మీద వాన నీటితో పాటు పై చెరువు మొత్తం పడుతుంది. అదీ తెగుతుంది. విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధమయ్యాయి. అద్భుతమైన పని అది, తాగునీరు కూడా ఇచ్చింది. ఆ జలాశయాలు ఎంత బాగా పనిచేశాయంటే మూసీ నగరంలో నదిలా కనిపించడం మానేసింది. ఎండిన నది ఒడ్డున బస్తీలు వెలిశాయి. నదీగర్భంలోని దీవి లాంటి చోట 1990లలో నగరం తన అతిపెద్ద బస్‌స్టేషన్ ఎంజీబీఎస్ కట్టుకుంది. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు ఆ బస్‌స్టేషన్లోకి మూసీ వచ్చింది, ప్రయాణికుల్ని తాళ్ల సాయంతో బయటికి తేవలసి వచ్చింది.

చెరువుల సంగతి 2020 అక్టోబరులో తేలింది. కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం తెలంగాణ మీదుగా పోతూ బేగంపేటలో ఒక్కరోజు 19 సెంటీమీటర్లు కురిపించింది. ఆ రోజుల్లోనే పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీ దక్షిణపు కాలనీల మీద పడ్డాయి. చెరువు శిఖం భూమి చాలాచోట్ల రైతుల పట్టా భూమే. వేసవిలో నీరు తగ్గితే పంట వేసుకునే హక్కు వాళ్లకు ఉండేది. వ్యవసాయం ఉన్నంతకాలం ఆ హక్కుకూ నీటికీ పేచీ లేదు. నీరు వస్తే పంట ఆగేది, పోతే నాటేవారు. అదే పట్టా ప్లాట్లుగా మారాక నీరు వస్తే ఆగడానికి ఏమీ లేదు. ఇల్లు వేసవి పంట కాదు కదా.

నూరేళ్ల వరద అన్న మాట కూడా జనాన్ని కొంత పక్కదారి పట్టిస్తోంది. నూరేళ్లకు ఒకసారి వస్తుంది, మొన్ననే వచ్చింది, ఇక మన మనవల కాలానికి చూసుకోవచ్చు అనుకుంటాం. ఇంజినీరు ఉద్దేశం అది కాదు. ఏ ఏడాదైనా ఆ వరద వచ్చే అవకాశం నూటికి ఒకటి అని మాత్రమే. నిరుడు వచ్చినా ఈ ఏడూ అంతే. ఇల్లు కొని 20 ఏళ్ల బ్యాంకు లోను పెట్టుకుంటే, అది తీరేలోపు నూరేళ్ల వరద ఒక్కసారైనా వచ్చే అవకాశం 18 శాతం. అదే పాతికేళ్ల వరదైతే 56 శాతం, రాకపోవడం కంటే రావడానికే ఎక్కువ వీలు. ఈ లెక్కలు కూడా పాత వానల రికార్డుల మీద వేసినవి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టగలదు. రేపటి నూరేళ్ల వరద నిన్నటిదంత ఉండాలన్న హామీ లేదు. స్థలం కొనేవాడు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీసుకుంటే ఆ స్థలం ఎవరి చేతులు మారిందో, దాని మీద ఎవరు అప్పు తెచ్చారో తెలుస్తుంది. 2005లో అక్కడ నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో తెలియదు. బ్యాంకు వాల్యుయేషన్లోనూ అది కనిపించదు. 2024 వరద గోడల మీద వదిలిన బురద గీతల్ని వీధి వీధికీ కొలిచి, సర్వే నంబర్ల పక్కన ఎక్కించి బయట పెట్టడానికి గండి పూడ్చినంత ఖర్చు కూడా కాదు. రియల్ ఎస్టేటు వ్యాపారానికి ఇష్టం ఉండదన్నది వేరే సంగతి.

నది దారిని నదికి తిరిగి ఇచ్చిన దేశం లేకపోలేదు. 1995లో రైన్ వరదకు నెదర్లాండ్స్ రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించింది. కట్టలు తెగలేదు. అయినా ఇంకా ఎత్తు పెంచుకుంటూ పోతే లాభం లేదని వాళ్లకు అర్థమైంది. నైమేగెన్ నగరం ఎదుట రైన్ పాయ అయిన వాల్ నది కట్టను 350 మీటర్లు వెనక్కి జరిపి, వరదకు మరో పాయ తవ్వారు. అందుకు యాభై ఇళ్ల దాకా తీసేయవలసి వచ్చింది. యాభై ఇళ్లు. సింగ్‌నగర్ చుట్టూ లక్షల మంది ఉన్నారు. వాళ్లందర్నీ లేపి ఎక్కడికి పంపుతారు? వరదకు కాస్త దూరమైనా పనికి మరీ దూరమైన చోటుకు పంపితే మళ్లీ తిరిగొస్తారు. అందుకని అక్కడ మిగిలిన దారులు మధ్యరకమైనవే. మళ్లింపు కాలువ తాహతు పెంచాలి, ఎనికేపాడు ఇరుకు విప్పాలి, ఉప్పుటేరు పూడిక తీయాలి, కొల్లేరు వైపు ఇంకా ప్లాట్లు పడని పల్లాన్ని అలాగే ఉంచాలి. వీటిలో నాలుగోదానికి రూపాయి ఖర్చు లేదు. అన్నిటికంటే కష్టమైనదీ అదే. మళ్లింపు కాలువను పెంచిన మరునాడే దాని కింద గజం ధర పెరుగుతుంది, వైట్ గమనించిన చక్రం మళ్లీ మొదలవుతుంది. కాబట్టి మొదటి పనీ నాలుగో పనీ ఒకేసారి జరగాలి. మొదటిదొక్కటే చేస్తే ప్రమాదాన్ని వాయిదా వేసి పెద్దది చేయడమే.

కృష్ణకు అవతలి ఒడ్డున అమరావతికి ఇదే చిక్కు కొండవీటి వాగు రూపంలో ఉంది. కృష్ణ పొంగినప్పుడు ఆ వాగు నీరు నదిలోకి దిగదు, రాజధాని పల్లాల్లో నిలుస్తుంది. అందుకే 2018లో ఉండవల్లి దగ్గర ఎత్తిపోతల పథకం కట్టారు. 5 వేల క్యూసెక్కుల్ని మోటార్లతో ఎత్తి కృష్ణలో పోస్తుంది. తెలివైన ఏర్పాటే. కానీ అంత నీటికి మించి వాగు వస్తే మిగతాది నిలబడడానికి చోటు కావాలి. ఆ చోటు రాజధాని పటంలో కాలువలుగా, చెరువులుగా గీసి ఉంది. ప్లాట్లకు గిరాకీ వచ్చే రోజుల్లో ఆ గీతలు అక్కడే ఉంటాయా అన్నది మోటార్ల సామర్థ్యం తేల్చే విషయం కాదు.